నాజియా హసన్‌ను టీవీలో చూశానని అమ్మ, కాదు జీనత్ అమన్‌ని చూశావని నాన్న. ఎవరిది రైటు?

హంద్రీ పక్కనోడు, కర్నూలు

అందరికీ నమస్కారం. పాత హిందీ పాటలు, పాత టీవీ, వీసీఆర్ (టీవీకి తగిలించి వీడియో క్యాసెట్లు ఆడించే మిషన్) కాలం సంగతులు తెలిసినవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారని ఈ ప్రశ్న పెడుతున్నాను. మా ఇంట్లో ఒక పంచాయితీ ఏళ్ల తరబడి తెగడం లేదు.

విషయం నాజియా హసన్ గురించి. 1980లో వచ్చిన 'ఖుర్బానీ' సినిమాలో 'ఆప్ జైసా కోయీ' పాడిన పాకిస్తాన్ అమ్మాయి. మా అమ్మకు ఆమె అంటే ప్రాణం. ఇప్పటికీ వంటింట్లో ఫోన్ గూట్లో పెట్టుకుని అవే పాటలు వింటుంది, పప్పుకు తిరగమోత పెట్టేటప్పుడు చప్పుడు ఎక్కువైతే సౌండు పెంచుతుంది కానీ పాట మాత్రం ఆపదు. అమ్మ చెప్పేదేమిటంటే, ఇంటర్ చదివే రోజుల్లో ఆమెను టీవీలో పాడుతుండగా కళ్లారా చూసిందట. సినిమాలో కాదు. టీవీ స్టూడియోలో. అప్పుడు వాళ్ల ఇల్లు బుధవారపేటలో, పక్కింట్లో ఒక ఖాలా (ఉర్దూలో పిన్ని) ఉండేది, ఆమె ఇంట్లో మాత్రమే టీవీ ఉండేదట, వీధిలో ఆడపిల్లలందరూ అక్కడే.

గుర్తున్న వివరాలు ఇవి: ఆ అమ్మాయి, పక్కన తమ్ముడు. వెనకాల పెద్ద సెట్టింగులేమీ లేవు, లైట్లు మాత్రం ఉన్నాయి. కెమెరా నడుము కిందికి అసలు పోలేదట, "ఏం చెప్పులు వేసుకుందో చూద్దామంటే కాళ్లే చూపించలేదు రా" అని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. పాటకు ముందు ఏదో సీరియల్ వచ్చిందట. పేర్లు ఉర్దూ అక్షరాల్లో పడ్డాయట.

నాన్నది గుంతకల్లు. ఆయన వాదన వేరే. "మీ అమ్మ దూరదర్శన్‌లో వచ్చే పాటల ప్రోగ్రాం చిత్రహార్‌లో జీనత్ అమన్‌ని చూసి నాజియా అనుకుంది, ఆ సినిమాలో పాట గొంతు నాజియాది, మనిషి జీనత్" అంటాడు. అమ్మకు అది వింటే ఒళ్లు మండుతుంది. జీనత్ అమన్‌ని గుర్తుపట్టలేనంత గుడ్డిదాన్నా అంటుంది. నిజమే, ఆ కాలంలో జీనత్ అమన్ తెలియనివాళ్లు ఎవరు?

పాకిస్తాన్ టీవీ మన కర్నూలులో వచ్చే అవకాశం ఏమైనా ఉందా? లేక దూరదర్శన్ వాళ్లే ఎప్పుడైనా ఆమె కార్యక్రమం వేశారా? యూట్యూబ్‌లో ఆమె పాత క్లిప్పులు చాలానే ఉన్నాయి, అందులో అమ్మ చూసింది ఏదో తేలితే బాగుంటుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సప్తగిరి సర్కిల్ బ్యాచ్, అనంతపురం

నా ఓటు మీ నాన్నకే అన్నా. గొంతు గుర్తుండి, ముఖం మారిపోవడం మామూలే. మా మేనత్త అయితే బప్పీలహరి అనుకుని ఇంకెవరి ఫొటోనో పర్సులో పెట్టుకు తిరిగింది, ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

యాంటెన్నా మామ, అనంతపురం

బాబూ, నేను టీవీలు రిపేరు చేసి పిల్లల్ని చదివించినవాణ్ణి. కాబట్టి పాట సంగతి పక్కన పెట్టి సిగ్నల్ సంగతి చెప్తా.

పాకిస్తాన్ టీవీ మన సీమలో యాంటెన్నా పెట్టి పట్టడం అసలు కుదిరే పని కాదు. లాహోర్ టీవీ అమృత్‌సర్ వైపు బ్రహ్మాండంగా వచ్చేది, అక్కడివాళ్లు దాని మీదే పెరిగారు. అది సరిహద్దు పక్క ఊరు కాబట్టి. ఆ కాలపు టీవీ సిగ్నల్ దాదాపుగా కంటికి ఆనినంత దూరమే పోతుంది, భూమి వంపు దాటి కర్నూలు దాకా రాదు. ఆ మాటకొస్తే హైదరాబాద్ సిగ్నలే మనకు సరిగా వచ్చేది కాదు. కర్నూలులో కొందరు మిద్దె మీద ఇనప పైపులు ఒకదానికొకటి బిగించి, బూస్టర్ పెట్టి, ఒకడు పైన తిప్పుతుంటే ఒకడు కింద నుంచి "వచ్చె, వచ్చె, పాయె" అని అరుస్తూ చూసేవాళ్లు. కనిపించేది బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ.

దేశంలో రంగుల టీవీ మొదలైంది 1982లో, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) ఏడాది. చిన్న ఊళ్లకు టీవీ చేరింది మాత్రం ఆ తర్వాత, 1984 ప్రాంతంలో. ఇన్సాట్-1బీ ఉపగ్రహం 1983లో పైకి పోయాక తక్కువ శక్తి ట్రాన్స్‌మీటర్లు ఊరికొకటి వరసబెట్టి పెట్టినారు. అది పది పదిహేను కిలోమీటర్లు దాటి పనిచేసేది కాదు. చాలా చోట్ల మొదట్లో వచ్చింది ఢిల్లీ కార్యక్రమాలే. 'హమ్ లోగ్' సీరియల్ ఆ 1984లోనే మొదలు, దానికోసం టీవీ కొన్న ఇళ్లు నాకు తెలుసు, ఆ హిందీ సగం అర్థం కాకపోయినా.

కాబట్టి మీ నాన్న చెప్పిన చిత్రహార్ మాట జరగనిదేం కాదు. బుధవారం రాత్రి హిందీ పాటలు వచ్చేవి, 'ఖుర్బానీ' పాట అందులో పడే ఉంటుంది. కానీ మీ అమ్మ చెప్పిన ఉర్దూ అక్షరాల సంగతి చూస్తే అది దూరదర్శన్ కాదు. ఢిల్లీ వాళ్లు సీరియల్ పేర్లు మొత్తం ఉర్దూలో వెయ్యరు. నా లెక్క ప్రకారం అది టీవీలో 'వచ్చింది' కాదు, టీవీలో 'పెట్టింది'. పక్కింటామెకు వీసీఆర్ ఉందేమో అడుగు. ఆ రోజుల్లో చూసేవాళ్లకు తేడా ఉండేది కాదు. తెర మీద బొమ్మ కదిలితే టీవీలో వచ్చినట్టే.

కువైట్ మామూజాన్, కడప

యాంటెన్నా మామగారు సరిగ్గా పట్టారు. తమ్ముడూ, మీ అమ్మగారు చెప్పింది చదివి నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. మాది రాయచోటి, ఇప్పుడు కడపలో ఉంటున్నాం. మీ అమ్మ చూసింది ఏమిటో నాకు తొంభై శాతం తెలుసు.

మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉండేవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు. రాయచోటి, రాజంపేట, కోడూరు, ఎటు చూసినా అంతే. మా మామూజాన్ (మేనమామ, ఆయన మేనకోడల్ని నేను, ఇక్కడ ఆయన పేరే పెట్టుకున్నా) సెలవుకు వచ్చాడంటే ఆ అట్టపెట్టెలు చూడాలి. నైలాన్ తాడుతో ఎనిమిది వరసలు కట్టి, పైన పెయింటుతో పేరు రాసి, లోపల కంబళ్లు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, మధ్యలో చీరల్లో చుట్టిన వీసీఆర్. దానితో పాటు క్యాసెట్లు. అక్కడ వీడియో షాపుల్లో పాకిస్తాన్ టీవీ డ్రామాలు దొరికేవి. ఉర్దూ తెలిసిన ఇళ్లల్లో హిందీ సినిమా కన్నా వాటికే గిరాకీ. మా నానీ (అమ్మమ్మ) చదువుకోలేదు కానీ ఆ డ్రామాల్లో ఏ పాత్ర ఏమందో డైలాగుతో సహా చెప్పేది. కడప నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, బంధువుల ఇళ్ల మధ్య ఈ క్యాసెట్లు పెళ్లి పత్రికల కన్నా వేగంగా తిరిగేవి.

ఒక క్యాసెట్ మూడు గంటలు. డ్రామా ఎపిసోడ్లు అయిపోయాక ఇంకా టేపు మిగిలితే షాపువాడు ఊరికే వదిలేవాడు కాదు, ఖాళీ అంతా పాటలతో నింపేవాడు. అదిగో, మీ అమ్మ చెప్పిన 'సీరియల్ తర్వాత పాట' అక్కడి నుంచి వచ్చింది.

ఇక కాళ్ల సంగతి. అది జియా ఉల్ హక్ కాలం. 1977 నుంచి 1988లో విమానం కూలి చనిపోయేదాకా ఆయనే. పాకిస్తాన్ టీవీలో వార్తలు చదివే ఆడవాళ్లు కూడా తల మీద దుపట్టా కప్పుకోవాల్సిందే. అలాంటిచోట ఒక అమ్మాయి పాప్ పాట పాడుతూ ఊగితే ఊరుకుంటారా? నాజియా, ఆమె తమ్ముడు జొహైబ్ పాటలను నడుము పైవరకే చూపించేవారని, అడుగులు కనబడకూడదని అలా చేసేవారని అప్పటి నుంచీ చెప్పుకునే మాట. మీ అమ్మ చెప్పుల కోసం వెతికి చూడలేకపోయిందంటే ఆమె జ్ఞాపకం గట్టిదే. జీనత్ అమన్‌ని సినిమాలో అలా ఎవరూ కట్ చేయలేదు కదా. మీ నాన్నగారికి ఈ ఒక్క పాయింటు చాలు.

నేను చూసిన క్యాసెట్‌లో ఆమె పెద్దగా డ్యాన్స్ చేయదు. ఒక భుజం ముందుకు, ఒక భుజం వెనక్కి, అంతే. మధ్యలో తమ్ముడి వైపు ఒకసారి చూస్తుంది, ఇంట్లో ఏదో తమాషా జరిగితే బయటివాళ్ల ముందు నవ్వు ఆపుకుంటాం చూడండి, అలా. మేము ఆ చూపు కోసమే రివైండ్ చేసేవాళ్లం. అక్కడ టేపు అరిగిపోయి గీతలు పడేదాకా. ఆమెది హీరోయిన్ అలంకారం కాదు. ట్యూషన్‌కు వచ్చిన మా అక్క స్నేహితురాలిలా ఉండేది. అమ్మీ వాళ్లు మమ్మల్ని సినిమా పాటలు చూడనిచ్చేవాళ్లు కాదు కానీ ఈమె పాట వస్తే మాత్రం తలుపు దగ్గర నిలబడి వాళ్లు కూడా చూసేవాళ్లు. మంచి ఇంటి పిల్ల అనేవాళ్లు. మంచి ఇంటి పిల్ల పాడితే మేము ఎందుకు పాడకూడదు అని మా అక్క అడిగింది, దానికి జవాబు రాలేదు, చెవి మెలిపెట్టడం మాత్రం జరిగింది.

రాయల్ సీమ 99

పాకిస్తాన్ సింగర్‌కి ఇంత భజన అవసరమా? మన జానకమ్మ, సుశీలమ్మ ముందు ఈమె గొంతు ఎంత? ముక్కుతో పాడుతుంది. పాత సామాను ఏదైనా బంగారం అనుకోవడం ఈ మధ్య ఫ్యాషన్ అయిపోయింది.

సీ-60 శీను, కర్నూలు

99 గారూ, జానకమ్మతో పోటీ ఎవరు పెట్టారిక్కడ? ఆమెకు ఈమెకు పోలికే లేదు, రెండూ వేరే పనులు. నేను పాతబస్టాండు దగ్గర ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో చాలాకాలం పనిచేశాను, ఈ గొంతును హెడ్‌ఫోన్లో విన్నంత ఇంకేదీ వినలేదు, కాబట్టి కొంచెం చెప్పనివ్వండి.

ముందు పాకిస్తాన్ సంగతి. ఆ మొదటి పాటకు ట్యూన్ కట్టింది బిడ్డు. ఆయన పుట్టింది బెంగళూరులో, మనకు రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి వచ్చే ఊరు. ఇంగ్లండ్ పోయి 1974లో కార్ల్ డగ్లస్‌తో 'కుంగ్ ఫూ ఫైటింగ్' చేసి ప్రపంచమంతా మోగించినాయన. 'ఖుర్బానీ'లో మిగతా పాటలు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ చేశారు, ఈ ఒక్కటే ఆయనది. లండన్‌లో ఆ సినిమా తీసిన ఫిరోజ్ ఖాన్ ఈ పిల్లను చూసి బిడ్డుకు పరిచయం చేశాడు, రికార్డింగూ అక్కడే. బెంగళూరు ట్యూను, కరాచీ గొంతు, లండన్ స్టూడియో, తెర మీద బొంబాయి హీరోయిన్. ఇందులో ఏ దేశం వాటా ఎంతో నువ్వే లెక్క తేల్చు.

ఆమె పుట్టింది 1965 ఏప్రిల్‌లో. అంటే పాట వచ్చేనాటికి పదిహేనేళ్లు. లతా, ఆశా ఏలుతున్న రోజుల్లో పదిహేనేళ్ల పిల్ల 1981లో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని అవార్డు పట్టుకుపోయింది. ముక్కుతో పాడింది అన్నావే, అవును, కొంచెం ఉంది. సంగతులు పడవు, గమకాలు లేవు, ఊపిరి ఎక్కడ తీసుకుందో తెలిసిపోతుంది. కానీ అదే కదా విషయం! అంతవరకు సినిమా పాటలో పదహారేళ్ల హీరోయిన్‌కు కూడా పెద్దామె గొంతు వినిపించేది. ఇక్కడ మొదటిసారి ఆ వయసు పిల్ల గొంతు ఆ వయసు పిల్ల గొంతులాగే వచ్చింది. దాని మీద ఆ ఎకో. హెడ్‌ఫోన్ పెట్టి వింటే ఒకే గొంతు రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది, రెండోది వెంట్రుక వాసి వెనక. షాపులో మా ఓనరు టేప్‌రికార్డర్ హెడ్డు పాడైందనుకుని స్పిరిట్ పెట్టి తుడిచాడు. తుడిచి మళ్లీ పెట్టినా అదే సౌండు.

1981లో 'డిస్కో దీవానే' ఆల్బమ్ వచ్చినప్పటి గోల చెప్తే నమ్మరు. సినిమా లేకుండా పాటల క్యాసెట్టేంది, ఎవరు కొంటారు అన్నారు. భక్తి పాటలు, గజళ్లు తప్ప సినిమాది కాని పాట మా షాపుకు వచ్చేదే కాదు. కాలేజీ పిల్లలు కాగితం మీద లిస్టు రాసుకుని వచ్చేవాళ్లు, ఉస్మానియా కాలేజీ నుంచి వచ్చే గుంపయితే 'ఏ సైడు మొత్తం నాజియా, బీ సైడు మీ ఇష్టం' అని రాసేవాళ్లు. సీ-60 అంటే ఒక వైపు అరగంట. ఆరో పాటో ఏడో పాటో మధ్యలో టేపు అయిపోతుంది, అక్కడ చిన్నగా సౌండు తగ్గించి ముగించడం మా పనితనం. చాలామంది తెలియక టప్పున కోసేవాళ్లు. తర్వాత 1982లో 'స్టార్' అని సినిమా వచ్చింది, కుమార్ గౌరవ్‌ది, పాటలన్నీ వీళ్లవే. సినిమా ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలీదు, క్యాసెట్ మాత్రం ఏళ్ల తరబడి అడిగారు.

ఇప్పుడు ప్రశ్నకు వస్తా. తమ్ముడూ, 1984లో 'యంగ్ తరంగ్' అని వాళ్ల మూడో ఆల్బమ్. దానికి పాటలతో పాటు వీడియోలు కూడా తీశారు, పాకిస్తాన్‌లో అలా వీడియోలతో వచ్చిన మొదటి ఆల్బమ్‌గా దానికి పేరు. ఆ వీడియోల్లో కాళ్లూ కనిపిస్తాయి, వీధులూ కనిపిస్తాయి. కాబట్టి మీ అమ్మ చూసింది అవి కాదు. స్టూడియో రికార్డింగే. యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఈ రెండూ కలిపేయొద్దు, పేర్లు పెట్టేవాళ్లు అన్నిటికీ ఒకే పేరు పెట్టి పడేస్తారు.

నా దగ్గర వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్లు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారేమో. లేవు. 2009 అక్టోబర్ వరద సంగతి కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా షాపు అప్పటికే మూతపడింది, మాస్టర్ టేపులు, రికార్డులు అన్నీ ఓనరు ఇంట్లో కింది గదిలో సర్ది పెట్టాడు. నీళ్లు దిగాక పోయి చూస్తే రికార్డుల అట్టలన్నీ ఉబ్బి ఒకే ముద్ద. క్యాసెట్ డబ్బాలు విప్పితే లోపల బురద, ఎర్రటి సన్నటి బురద, చక్రాల పళ్ల మధ్య కూడా. ఒక వారం కూర్చుని కడిగాడాయన. ఒక్కటీ పలకలేదు.

రాయల్ సీమ 99

సరే అన్నా, నేను అన్నది సింగింగ్ గురించే. వరద సంగతి సారీ.

డీజే గుత్తి

నాకు 'డిస్కో దీవానే' పాట 2012లో 'స్టూడెంట్ ఆఫ్ ద ఇయర్' సినిమా వచ్చినప్పుడు తెలిసింది. అందులో పాత గొంతు ఒక ముక్క వస్తుంది కదా, అది ఎవరిదా అని వెతుక్కుంటూ పోతే ఈమె దొరికింది. అప్పటికే చనిపోయి పన్నెండేళ్లని చదివి మనసు అదోలా అయిపోయింది. ఒక డౌట్ అక్కా, 'మ్యూజిక్ 89' అని ఒక క్లిప్ ఉంది, అందులో ఈమె యాంకర్‌గా కూడా ఉంది. మీ అమ్మగారు చూసింది అదేమో హంద్రీ అన్నా?

కువైట్ మామూజాన్, కడప

కాదు తమ్ముడూ. 'మ్యూజిక్ 89' జియా పోయాక వచ్చింది, షోయబ్ మన్సూర్ తీశాడు. నాజియా, జొహైబ్ ఇద్దరూ కలిసి నడిపారు. వైటల్ సైన్స్ లాంటి కొత్త కుర్రాళ్ల బ్యాండ్లు అందులో వెలుగులోకి వచ్చాయి. దాని మీద అక్కడ పెద్దల గోల కూడా బాగానే నడిచింది. హంద్రీ తమ్ముడూ, మీ అమ్మగారు ఇంటర్ ఏ ఏడాది? పాటకు ముందు వచ్చిన సీరియల్ కథ ఏమైనా గుర్తుందేమో అడగండి, దాన్ని బట్టి చెప్పేస్తా.

హంద్రీ పక్కనోడు, కర్నూలు

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అమ్మకు మొత్తం చదివి వినిపించాను. శీను అన్న చెప్పిన షాపు అమ్మకు గుర్తుంది, అక్కడే రాయించుకున్న క్యాసెట్ మా పెద్దమామ బైక్ కిందపడి పగిలిందట, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పక్కింటి ఖాలా వాళ్ల అన్న కువైట్‌లోనే ఉండేవాడట! వీసీఆర్ సంగతి అడిగితే "పెద్ద డబ్బా ఒకటి టీవీ కింద ఉండేది, పైనుంచి క్యాసెట్ పెట్టి నొక్కేవాళ్లు" అంది. ఇన్నేళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పలేదంటే "నువ్వు టీవీ గురించి అడిగావు, డబ్బా గురించి అడగలేదు" అంది.

ఇంటర్ రెండో ఏడాది 1987. సీరియల్ కథ అమ్మ చెప్పినంత: ఇద్దరు అక్కాచెల్లెళ్లు, తల్లిదండ్రులు ప్రమాదంలో చనిపోతారు, పెద్దమ్మో పిన్నో ఒకామె ఇంట్లో ఉంటారు, చిన్నది బాగా అల్లరి, పెద్దది డబ్బు సంపాదించి వాళ్ల ఇల్లు తిరిగి కొనాలని చూస్తుంటుంది. ఉర్దూ మొత్తం అర్థం కాకపోయినా ఖాలా కూతురు పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ ఉండేదట.

నాన్న ఇప్పుడు "నేను మొదటి నుంచీ వీసీఆర్ అనే చెప్తున్నా" అంటున్నాడు. ఇంట్లో ఎవరూ ఆయన్ని పట్టించుకోవడం లేదు.

కువైట్ మామూజాన్, కడప

'తన్‌హాయియా'! హసీనా మోయిన్ రాసిన డ్రామా, షెహనాజ్ షేక్, మరీనా ఖాన్ అక్కాచెల్లెళ్లు. మా ఇంట్లో కూడా అదే క్యాసెట్ సెట్టు ఉండేది. లెక్క సరిపోయింది. 1987 అంటే అప్పటికి నాజియాకు ఇరవై రెండేళ్లు, 'హాట్‌లైన్' ఆల్బమ్ వచ్చిన ఏడాది. కానీ క్యాసెట్లు మన దాకా రావడానికి ఏడాదో రెండేళ్లో పట్టేది కాబట్టి ఆ స్టూడియో పాట 'యంగ్ తరంగ్' రోజులది అయ్యుండాలని నా అంచనా. యూట్యూబ్‌లో మూడు క్లిప్పులు ఏరి మీకు మెసేజ్‌లో పంపాను, అమ్మగారికి చూపించండి.

ఇంకో మాట. మామూజాన్ 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడే చిక్కుకున్నాడు. లక్షన్నరకు పైగా మనవాళ్లను జోర్డాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు కదా, అందులో ఒకడు. ఒంటి మీద బట్టలతో వచ్చాడు. అక్కడి గదిలో ఉన్నవన్నీ పోయాయి కానీ అంతకుముందు సెలవుల్లో తెచ్చినవి రాయచోటి ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఎవరూ తెరవలేదు. డ్రామా క్యాసెట్లు అందులో ఉండాలి. రంజాన్‌కు పోయినప్పుడు తీయిస్తా. వీసీఆర్ మాత్రం ఎలుకలు వైర్లు కొరికేశాయి.

యాంటెన్నా మామ, అనంతపురం

అమ్మా, ఒక్క మాట. ట్రంకు తెరిచాక ఉత్సాహం కొద్దీ క్యాసెట్‌ను మిషన్‌లో పెట్టెయ్యొద్దు. ముందు ముందువైపు మూత ఎత్తి టేపు అంచు చూడండి, తెల్లగా పొడి పట్టినట్టు కనిపిస్తే అది బూజు. ఆ టేపు తిప్పితే బూజు మిషన్ హెడ్డుకు అంటుకుంటుంది, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. టేపు కూడా తెగొచ్చు. ఎండలో ఆరబెట్టడం అస్సలు వద్దు, మన సీమ ఎండకు డబ్బా వంగిపోతుంది. పొడి గుడ్డలో చుట్టి తీసుకురండి. నా దగ్గర ఒక పాత వీసీఆర్ నడిచేది ఉంది, విప్పి చేత్తో తుడుచుకుంటూ ఎక్కిస్తాను, కంప్యూటర్‌లోకి నా మనవడు దించుతాడు. కువైట్‌దైనా పాకిస్తాన్‌దైనా మనదైనా అన్నీ పాల్ (టీవీ సిగ్నల్ రకం) పద్ధతే, ఆ ఇబ్బంది లేదు. అమెరికా క్యాసెట్లయితేనే తలనొప్పి. డబ్బులేమీ వద్దు. వస్తూ వస్తూ కడప నుంచి ఏదైనా తింటానికి తెస్తే కాదనను.

సీ-60 శీను, కర్నూలు

మామా, దించేటప్పుడు సౌండు కూడా జాగ్రత్తగా ఎక్కించండి, బొమ్మ చూసుకుంటూ లెవెల్ మర్చిపోవద్దు. కుదిరితే నేనూ అనంతపురం వస్తా.

హంద్రీ పక్కనోడు, కర్నూలు

అక్కా, క్లిప్పులు చూపించాను. మొదటిది చూసి "ఇది కాదు" అంది. రెండోది మొదలవగానే "ఆ, ఇదే ఇదే" అని లేచి నిలబడింది, సగంలో కెమెరా వెనక్కి పోయి కాళ్లు కనిపించేసరికి "ఛ, ఇదీ కాదు" అని కూర్చుంది. కానీ చెప్పులు చూసుకుంది లెండి. మూడోదాని బొమ్మ బాగా మసకగా ఉంది, తమ్ముడు నిలబడింది అటువైపు కాదంటోంది. ఆ క్లిప్పు తిప్పి పెట్టారేమో తెలీదు, అద్దంలో చూపించి మళ్లీ అడుగుతా.

2000 ఆగస్టులో నాజియా క్యాన్సర్‌తో లండన్‌లో చనిపోయిందన్న వార్త పేపర్లో చదివి, ఖాలా కూతురికి ఫోన్ చేసి ఇద్దరూ ఏడ్చారట. ముప్పై ఐదేళ్లే. నేను అప్పుడు బాగా చిన్నవాణ్ణి, అమ్మ ఎందుకు ఏడుస్తోందో తెలీక నేను కూడా ఏడ్చానని చెప్పింది. ఆ ఖాలా కూతురు ఇప్పుడు నంద్యాలలో ఉందట, నంబరు కోసం అమ్మ పొద్దుటి నుంచి ఊళ్లో అందరికీ ఫోన్లు చేస్తోంది.

మామూజాన్ అక్కా, అమ్మ ఒకటి అడగమంది. ట్రంకులో ఆ సీరియల్ ఆఖరి క్యాసెట్ కూడా ఉందేమో చూడమంటోంది. అప్పట్లో చివరి భాగం పెట్టినప్పుడు కరెంటు పోయిందట, మర్నాటికి క్యాసెట్ వేరే ఇంటికి వెళ్లిపోయిందట. యూట్యూబ్‌లో ఉంటుంది కదమ్మా అంటే, అది కాదు, అదే క్యాసెట్ కావాలంటోంది.